మూలనపడ్డ మిక్సరుకు మళ్లీ ప్రాణం

పెళ్లిళ్లలో, జాతరల్లో ఏళ్ల తరబడి మోగి చివరకు మైకుసెట్టు షాపులో అటకెక్కిన మిక్సరు పాత ఇనుము కింద పోవలసిందేనా? అక్కర్లేదు. దుమ్ము దులిపి, చెడిన నాలుగు భాగాలు మారిస్తే పల్లె రేడియోలో అది ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది.

పల్లె రేడియో అంటే మనవాళ్లకు కొత్త కాదు. జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' మొదలైంది. దళిత మహిళలే మాట్లాడి, రికార్డు చేసి వినిపిస్తూ వచ్చారు. లైసెన్సు రాకముందు కేసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించేవారు. ఇలాంటి కేంద్రాలకు రాబడి తక్కువ. కొత్త సామాను భారమే.

మైకులు, ఫోను, రికార్డరు - అన్నింటి ధ్వనినీ హెచ్చుతగ్గులు సరిచేసి కలిపి పంపేది మిక్సరే. అది చెడిందా, విత్తనాల గురించి చెప్పే అవ్వ మాటకు బదులు కరకర వినిపిస్తుంది.

పాత మిక్సరు తేగానే ప్లగ్గు పెట్టి చూడాలన్న ఆత్రం పనికిరాదు. ముందు మూత విప్పి బ్రష్షుతో దుమ్ము తీయాలి. తర్వాత సిరీస్ బోర్డు మీద కరెంటు ఇవ్వాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబడితే ఫరవాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే.

గుయ్‌మనే మోత వస్తుంటే అనుమానం ముందుగా పవర్ సప్లై కండెన్సర్ల మీదికి పోవాలి. ఏళ్లు గడిస్తే అవి లోపల ఎండిపోతాయి. కొన్నింటి నెత్తి ఉబ్బుతుంది. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, ఓల్టులు పాతదానికి తగ్గకూడదు. ప్లస్, మైనస్ తారుమారైతే పేలుతుంది.

కరకరకు కారణం చాలావరకు పైకీ కిందికీ జరిపే ఫేడర్లలో చేరిన మట్టి. కాంటాక్టు క్లీనరు కొట్టి ఇరవై ముప్పై సార్లు జరిపితే తేటపడుతుంది. కొందరు కుట్టుమిషను నూనె పోస్తారు. ఆ రోజుకు బాగానే ఉంటుంది, నెల తిరిగేసరికి నూనెకు దుమ్ము పట్టి అసలుకే మోసం. లోపలి కార్బన్ పట్టీ అరిగితే మాత్రం మార్చక తప్పదు. వాడని చానెల్ ఫేడరును ఊడదీసి ఇక్కడ బిగించవచ్చు.

మోత పోవాలని ప్లగ్గులో ఎర్తు తీగ కత్తిరించేవారూ ఉన్నారు. ఇది తెలివి కాదు. లోపల కరెంటు బాడీకి తగిలితే ఇనుప మైకు పట్టుకున్న మనిషికే షాకు.

అన్నీ బిగించాక కొన్ని గంటలు నడిపి చూడాలి. వేడెక్కాక బయటపడే జబ్బులు కొన్నుంటాయి. మైకు గుచ్చే సాకెట్లను వేలితో కదిపితే వదులైన సాల్డరింగు తెలిసిపోతుంది. అప్పటికీ లొంగని చానెల్ మీద ఎర్ర టేపు అంటించి వదిలేయవచ్చు. పన్నెండింటిలో రెండు పోయినా, ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడే గదికి మిగిలినవే ఎక్కువ.