తిత్తుల లెక్క కాదు.. కిడ్నీ కొలత ముఖ్యం!

నాన్నకు యాభై ఏళ్లు దాటగానే డయాలసిస్‌ మొదలైంది. ముప్పయ్యేళ్ల కొడుకు స్కానింగ్‌ చేయించుకుంటే రెండు కిడ్నీల నిండా నీటితిత్తులు కనిపించాయి. రక్తపరీక్షలో క్రియాటినైన్‌ మాత్రం మామూలుగానే ఉంది. ‘క్రియాటినైన్‌ బాగుందిగా, ఇంకేం భయం?’ అని ఇంట్లోవాళ్లు రిపోర్టును బీరువాలో పెట్టేస్తారు. జాగ్రత్తపడాల్సింది సరిగ్గా ఇక్కడే.

అన్ని తిత్తులూ ఒకటి కావు

వయసు పైబడినవారి కిడ్నీల్లో ఒకటి రెండు మామూలు నీటితిత్తులు కనిపించటం సహజమే. నొప్పి, ఇతర ఇబ్బందులు లేకపోతే చాలావరకు వీటికి చికిత్స అవసరం ఉండదు. వంశపారంపర్యంగా వచ్చే ‘పాలిసిస్టిక్‌ కిడ్నీ’ జబ్బు వేరు. ఇందులో రెండు కిడ్నీల్లోనూ పదులు, వందల సంఖ్యలో తిత్తులు పుట్టుకొస్తాయి. పెద్దల్లో ఎక్కువగా కనిపించే రకంలో తల్లిదండ్రుల్లో ఒకరికి జబ్బు ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం.

క్రియాటినైన్‌ ఎందుకు చెప్పదు?

తిత్తులు పెరిగి కొంత భాగం దెబ్బతిన్నా, మిగిలిన భాగం అదనంగా పనిచేసి లోటును పూడుస్తుంది. అందుకే ఏళ్ల తరబడి క్రియాటినైన్‌ పెరగదు. అది పెరిగేసరికి కిడ్నీ చాలావరకు దెబ్బతిని ఉంటుంది. లోపల జరుగుతున్న నష్టాన్ని ముందే పట్టిచ్చేది కిడ్నీల మొత్తం పరిమాణం. ఎంఆర్‌ఐలో రెండు కిడ్నీల పొడవు, వెడల్పు, మందం కొలిచి దీన్ని లెక్కిస్తారు. ఇందుకు సాధారణంగా కాంట్రాస్ట్‌ ఇంజెక్షన్‌ అక్కర్లేదు.

వయసుతో కలిపి చూడాలి

వచ్చిన పరిమాణాన్ని మనిషి ఎత్తుతో భాగించి, వయసుతో పోల్చి చూస్తారు. అమెరికాలోని మేయో క్లినిక్‌ నిపుణులు రూపొందించిన పట్టిక ప్రకారం జబ్బును 1ఎ నుంచి 1ఇ వరకు అయిదు తరగతులుగా విభజిస్తారు. 1ఎలో కిడ్నీలు ఏటా 1.5 శాతం కన్నా తక్కువ, 1ఇలో 6 శాతం కన్నా ఎక్కువ పెరుగుతాయని అంచనా. ఉదాహరణకు 1.6 మీటర్ల ఎత్తున్న ఇద్దరి కిడ్నీల పరిమాణం 960 మి.లీ. చొప్పున ఉందనుకుందాం. ఒకరికి 60 ఏళ్లయితే 1బి. జబ్బు నెమ్మదిగా సాగుతోందని అర్థం. మరొకరికి 30 ఏళ్లే అయితే 1డి. అంటే వేగంగా ముదురుతోందన్నమాట. కొలత ఒకటే అయినా భవిష్యత్తు వేరు! తిత్తులు ఒక్క కిడ్నీలోనో, ఒక పక్కనో మాత్రమే ఉంటే ఈ పట్టిక వర్తించదు.

మందు ఎవరికి మేలు?

టోల్వాప్టాన్‌ మందు తిత్తులను మాయం చేయదు, పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. 2012లో వెలువడిన పెద్ద అధ్యయనంలో కిడ్నీల పరిమాణం 750 మి.లీ., అంతకన్నా ఎక్కువ ఉన్నవారిని ఎంచుకున్నారు. మందు వాడినవారిలో పెరుగుదల ఏటా 2.8 శాతం, వాడనివారిలో 5.5 శాతంగా తేలింది. అందుకే 1సి, 1డి, 1ఇ తరగతుల వారికి ఈ మందుతో ఎక్కువ ఫలితం ఉంటుందని వైద్యులు భావిస్తారు. నెమ్మదిగా సాగే జబ్బుకు దీంతో ఒరిగేది తక్కువ, పడాల్సిన ఇబ్బంది ఎక్కువ. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం వస్తాయి. కాలేయం దెబ్బతినే ముప్పూ ఉంది కాబట్టి తరచూ రక్తపరీక్షలు తప్పవు. గర్భిణులు వాడకూడదు.

మీరేం చేయాలి?

• ఎంఆర్‌ఐ వెంటనే కుదరకపోతే అల్ట్రాసౌండ్‌ రిపోర్టులో కిడ్నీ పొడవు చూడండి. మామూలుగా ఇది 10-12 సెం.మీ. ఉంటుంది. 45 ఏళ్లలోపే 16.5 సెం.మీ. దాటితే జబ్బు వేగంగా ముదిరే అవకాశముంది.

• బీపీని అదుపులో ఉంచుకోండి. ఉప్పు తగ్గించండి. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

• పిల్లలకు ఏ లక్షణాలూ లేకున్నా ఏటా బీపీ చూపించండి. స్కానింగ్‌ ఎప్పుడు చేయించాలో కిడ్నీ నిపుణులను అడగండి.

• పాత స్కాన్‌ రిపోర్టులు పారేయొద్దు. మూడేళ్ల కిందటి కొలత పక్కన నేటి కొలత పెడితే జబ్బు వేగమేంటో తెలుస్తుంది.

నాన్న విషయంలో జబ్బు బయటపడేసరికే ఆలస్యమై ఉండొచ్చు. కొడుక్కి ఇంకా సమయముంది. బీరువాలోని ఆ రిపోర్టును ఈ వారమే బయటకు తీసి, డాక్టర్‌కు చూపించండి.