ఎండలు ముదరక ముందే పెరటి పనులు

శివరాత్రి దాటితే చలి వెళ్లిపోతుందని మన ఊళ్లలో మతభేదం లేకుండా అందరూ అనుకునే మాట. అప్పటి నుంచి ఉగాది వరకు ఉండే నెల రోజులే మన పెరళ్లకు వసంతం. వేప ఆకు రాల్చి చిగురిస్తుంది, మునగ పూస్తుంది, మల్లె మొగ్గ తొడుగుతుంది. ఆ శోభ చూసి ముచ్చటపడి చాలామంది నర్సరీకి వెళ్లి నాలుగు కొత్త మొక్కలు తెచ్చి నాటుతారు. ఏప్రిల్ నెలాఖరుకు వాటిలో మూడు ఎండిపోతాయి. మా దృష్టిలో మన సీమలో వసంతం నాట్ల కాలం కాదు, మరమ్మతుల కాలం. నాటుకోవడానికి ముందు వానల నెలలు ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు చేయవలసింది ఉన్న మొక్కలను మే నెల దాటించే ఏర్పాటు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బెంగళూరు రైలుమార్గంలో ఒకే వరుసలో ఉన్న ఊళ్లు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడే వరకు ఇవి అనంతపురం జిల్లాలోనివే. ఆ ఉమ్మడి జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గర. అందులో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు నెలల మధ్య పడేదే. జనవరి మొదలు ఏప్రిల్ దాకా ఆకాశం నుంచి వచ్చేది లెక్కలోకి రాదు. కనుక మన దగ్గర పెరటి తోట అంటే నీళ్ల లెక్కే.

ఆ లెక్క చూసేది ఇంటి ఆడవాళ్లు. కొళాయి వచ్చే వేళకు కాచుకుని ఉండేదీ, ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడేదీ వారే. మగవాళ్లం మాత్రం సాయంత్రం కుర్చీ వేసుకుని “చెట్టు ఎందుకు వాడిపోయింది?” అని అడుగుతాం. హిందూపురంలో మా బంధువుల ఇంట ఒక పెద్దావిడ ఈ ప్రశ్నకు చక్కని జవాబు ఇచ్చారు. “భాయ్ సాబ్, చెట్టుకు పోసే రెండు బిందెలతో పిల్లల బట్టలు ఉతుక్కోవచ్చు. మీరైతే ఏది చేస్తారు?” ఆవిడ మాటలో తప్పు లేదు. మంచినీళ్లు చెట్టుకు పోయమని ఏ ఇల్లాలికీ చెప్పలేము. ఇంట్లో ఒకసారి వాడి వదిలేసిన నీళ్లు చెట్టుకు చేరేలా చేయడమే ఉన్న దారి.

అలాంటి నీళ్లలో అన్నిటికన్నా శుభ్రమైనవి వుజూ నీళ్లు. నమాజు చేసే ఇంట్లో అవి రోజూ పారుతూనే ఉంటాయి. ఇంట్లో నలుగురు రోజుకు ముమ్మారు వుజూ చేసినా, మనిషికి రెండు లీటర్ల చొప్పున 24 లీటర్లు. కొళాయి తిప్పి వదిలేసి చేసేవారి ఇంట ఇది ఇంకా ఎక్కువే. బాగా వేళ్లూనిన ఒక కరివేపాకు, ఒక నిమ్మ, రెండు మల్లె పాదులు వేసవి గట్టెక్కడానికి ఈ నీరు పెద్ద ఆధారం. ఇప్పుడు చాలా ఇళ్లలో అది నేరుగా వీధి కాలువలోకి పోతోంది.

వుజూ నీళ్లు చెట్టుకు పోయవచ్చునా అని కొందరు పెద్దలు సందేహిస్తారు. హనఫీ ఫిఖ్హ్‌లో ఈ విషయం స్పష్టంగానే ఉంది. ఒకసారి వుజూకు వాడిన నీటితో మళ్లీ వుజూ చేయరాదు, కాని ఆ నీరు అపవిత్రం కాదు. కనుక చెట్టుకు పోయడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆ నీటి మీద అదబు ఉన్నవారికి మురుగులో కలపడం కన్నా వేరుకు చేర్చడమే మనసుకు నచ్చాలి. శుద్ధి చేసిన మురుగునీటిని సైతం తిరిగి వాడుకోవచ్చని సౌదీ అరేబియా ఉలమాల మండలి 1978లోనే ఫత్వా ఇచ్చింది. అంతటి నీటికే అనుమతి ఉన్నప్పుడు వుజూ నీటికి తర్జనభర్జన అక్కర లేదు. పొదుపు మాట వస్తే, దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే రెండు చేతుల దోసెడు కొలత. నేటి లెక్కలో ముప్పావు లీటరు లోపేనని కొందరు, ఒక లీటరని కొందరు ఉలమాలు చెబుతారు. కొళాయి కింద కాక లోటాతో చేస్తే మనమూ ఆ దరిదాపులకు రాగలం.

ఇక పని. వుజూ చేసే బండ దగ్గర నుంచి మొదటి పాదు వరకు జానెడు వెడల్పు, నాలుగు వేళ్ల లోతు కాలువ తీయాలి. గోడ పునాదికి రెండు అడుగుల దూరం తప్పక వదలాలి, లేకుంటే చెమ్మ గోడెక్కుతుంది. తీశాక ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. ఎక్కడ నిలిచిపోతే అక్కడ పారతో సరిచేయాలి. మొదటి మూడు అడుగుల్లో పాత పెంకులు పరిస్తే మన ఎర్రమట్టి కోసుకుపోదు. పాదు దగ్గర కాలువను రెండుగా చీల్చి, చీలిక మొదట ఒక రాయి పెట్టాలి. మూడు రోజులు నిమ్మకు, తరువాత రాయి జరిపి మూడు రోజులు మల్లెకు. రోజూ అన్ని చెట్లకూ కాసిన్ని పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. ఆగి ఆగి నిండుగా తడిపితే లోపలికి దిగుతాయి. గత ఏడాది తవ్విన కాలువ ఉంటే ఇప్పటికే పూడి ఉంటుంది. దాన్ని గీరి బాగుచేయడం ఒక గంట పని, పిల్లలకు ఆదివారం అప్పగించవచ్చు.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు కూడా ఈ కాలువలోకి వదలవచ్చు. బట్టల సబ్బు, సోడా, డిటర్జెంట్ పొడి కలిసిన నీళ్లు వద్దు. వాటిలోని ఉప్పు నేలలో పేరుకుని మొక్క ఆకు అంచులు మాడుతాయి. ధర్మవరంలో పట్టు అద్దకం ఇంటి దగ్గర ఉన్నవారు రంగు తొట్టి నీళ్లను కూరమళ్ల దరికి రానీయకూడదు. మస్జిదు కమిటీల వారికి ఒక విన్నపం. వుజూఖానా నీటిని ఆవరణలోని వేప, కొబ్బరి చెట్ల వైపు మళ్లించడానికి ఒక పైపు, ఒక మేస్త్రీ ఒక పూట చాలు.

కారుతున్న కొళాయిని ఈ వారమే చూడండి. రాత్రి పడుకునే ముందు దాని కింద చెంబు పెట్టి, ఫజ్ర్ వేళ ఎంత నిండిందో చూస్తే వాషర్ మార్చాలన్న బుద్ధి దానంతట అదే పుడుతుంది. పైపు చిరిగిన చోట పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీగా కోసి, బాగా సాగదీసి చుట్టి, పైన ట్వైన్ దారంతో బిగిస్తే ఒక వేసవి ఆగుతుంది. పైపును ఎండలో వదలవద్దు. అందులో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. వాటిని నేరుగా మొక్క మొదట్లో పడితే లేత వేళ్లు ఉడుకుతాయి.

పాత మట్టికుండ ఇంట్లో ఉంటే పారేయకండి. కుండను మెడ వరకు నేలలో పాతి, నీళ్లు నింపి, మూత పెడితే ఆ నీరు కుండ గోడల నుంచి ఊరుతూ చుట్టూ ఉన్న వేళ్లకు మెల్లమెల్లగా అందుతుంది. నేల ఎంత ఎండితే అంత లాగుతుంది, తడిగా ఉంటే ఆగుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. ఎంచుకునే ముందు కుండలో నీళ్లు పోసి ఒక పూట నీడలో ఉంచాలి. బయట చెమ్మ పడితే అది పనికి వస్తుంది. నూనె, పులుసు పట్టిన వంట కుండలకు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. మూత మాత్రం మరవవద్దు, దోమలు గుడ్లు పెడతాయి. వంగ, టమాటా, బీర పాదు కుండకు జానెడు దూరంలో ఉండాలి.

మన పూర్వీకులు తోటపనిని చిన్నచూపు చూడలేదు. స్పెయిన్‌లోని ఇష్బీలియాలో 12వ శతాబ్దంలో ఇబ్నుల్ అవ్వామ్ అనే విద్వాంసుడు ‘కితాబుల్ ఫిలాహా’ రాసి 585 మొక్కల సంగతి చెప్పాడు. అంత దూరం ఎందుకు, 1760లో హైదర్ అలీ బెంగళూరులో లాల్‌బాగ్‌ను మొదలుపెట్టాడు. మన మడకశిర అవతల ఉన్న శిరాలోని మొగలాయీ తోటను చూసే ఆయనకు ఆ ఆలోచన కలిగిందని చెబుతారు. ఆ సీమ నీళ్ల ఇబ్బంది మన దానికన్నా తక్కువేమీ కాదు.

నీటి దారి సిద్ధమయ్యాక కత్తెర పట్టవచ్చు. కరివేపాకు నడుము ఎత్తుకు మించితే పైకొమ్మలు కోసేయాలి. పూత, కాయ తుంచితే బలమంతా ఆకుకే పోతుంది. కోసిన ఆకు నీడన ఆరబెడితే పొడికి వస్తుంది. నిమ్మకు అంటు కింది నుంచి లేచే మొలకలు తీసేయాలి, అవి తింటాయే గాని కాయవు. నిమ్మ లేతాకు మీద పిట్ట రెట్టలా కనిపించేది రెట్ట కాదు, సీతాకోకచిలుక పురుగు. చేతితో ఏరితే చాలు. మల్లెను ఇప్పుడు మొండిగా నరికితే ఈ ఏడు పూలు పోతాయి. ఎండు పుల్లలు మాత్రం తీసి, పెంట ఎరువు వేసి తడపాలి. దానిమ్మకు పది రోజులు నీళ్లు మాని ఒక్కసారి నిండా పెడితే కాయ పగులుతుంది. తక్కువైనా సరే, క్రమం తప్పకూడదు.

గోరింట గురించి మా ఇళ్లలో చెప్పనక్కర లేదు. 2024, 2025లలో రంజాన్ మాసం మార్చిలోనే వచ్చింది. చాంద్‌రాత్ నాటికి ఆకు కావాలంటే నెల ముందే కొమ్మలు కత్తిరించి నీరు పెట్టాలి. ఇంట ఆకు ఉండగా బజారు నుంచి నల్లరంగు కోన్లు తెచ్చి పిల్లల చేతులకు పెట్టడం మాకు అర్థం కాదు. వాటిలో కలిపే జుట్టు రంగు మందుకు చర్మం బొబ్బలెక్కిన పిల్లలు ఉన్నారు. ఇఫ్తారు పచ్చడికి పుదీనా కావాలంటే వుజూ బండ పక్కన సగం నీడలో నాటండి, అదొక్కటి ఇప్పుడు నాటినా బతుకుతుంది.

బొప్పాయి, మందార ఆకుల అడుగున దూదిలా తెల్లగా పట్టేది పిండినల్లి. బొప్పాయి పిండినల్లి మన దేశంలో మొదట 2008లో కోయంబత్తూరులో కనబడింది, మల్బరీనీ వదల్లేదు. 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థ ప్యూర్టోరికో దీవి నుంచి దాన్ని చంపే చిన్న కందిరీగ జాతులను తెప్పించి వదిలాక ఉద్ధృతి తగ్గింది. విషపు మందు కొడితే ముందు చచ్చేది ఆ మేలుచేసే కందిరీగే. నీళ్లు గట్టిగా చిమ్మి కడిగి, లీటరుకు 5 గ్రాముల సబ్బు కలిపి ఆకు అడుగున చల్లితే ఇంటి చెట్టుకు సరిపోతుంది. హిందూపురం వారికి ఇంకో జాగ్రత్త. పక్కన మల్బరీ తోట గాని, పట్టుపురుగులు మేపే ఇల్లు గాని ఉంటే వేపనూనెతో సహా ఏ మందూ గాలికి కొట్టవద్దు. ఆ తుంపర పడిన ఆకు తిన్న పురుగు గూడు కట్టదు, పక్కింటివారి పంట మొత్తం పోతుంది. అదే ఇంటి నుంచి పురుగుల లద్దె, మిగిలిన ఆకు చెత్త అడిగి తెచ్చుకుని గుంతలో మాగబెడితే పెరటికి మంచి ఎరువు.

శనక్కాయ పొట్టు మన ఊళ్లలో కొదవ లేనిది. పాదు తడిపాక నాలుగు వేళ్ల మందం పరిస్తే చెమ్మ నిలుస్తుంది. మాను చుట్టూ జానెడు ఖాళీ వదలాలి, లేకుంటే చెదలు ఎక్కుతాయి. మానుకు అడుగున రెండు అడుగుల ఎత్తు సున్నం పూయడమూ ఇప్పటి పనే.

పెనుకొండ పాత ఇళ్లలో రాతి ప్రహరీలు ఎక్కువ. వానలకు జారిన రాళ్లు పేర్చేటప్పుడు సందులో చెయ్యి పెట్టవద్దు. ముందు కర్రతో తట్టండి, చెప్పులు వేసుకోండి, తేళ్లు, పాములు చల్లదనానికి అక్కడే చేరతాయి. పెరట్లో వాడని బావి ఉంటే దాని జాలీని ఈ వారమే పరీక్షించాలి. తుప్పు పట్టిన కమ్మీ పిల్లవాడి బరువు ఆపదు. సెలవులు వస్తే పిల్లలు అక్కడే ఆడతారు. తోటలో మిగతా పనులు ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ఆలస్యం కాకూడదు.

ధర్మవరంలో మగ్గం పెట్టిన ఇంటికి పెరడు మిగలదు, తోట మిద్దెనెక్కింది. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంటే ధర్మవరం 350 మీటర్ల లోపే, ఎండ తేడా అక్కడే తెలుస్తుంది. పెయింటు డబ్బాల అడుగున మేకుతో కొట్టిన రంధ్రాలు ఈపాటికి మూసుకుపోయి ఉంటాయి, పుల్లతో పొడిచి తెరవాలి. పైన తెల్లగా పేరుకున్న ఉప్పు పొరను గీరి పారేసి కొత్త మట్టి, ఎరువు వేయాలి. డబ్బాలను నేరుగా మిద్దె మీద కాక రెండు ఇటుకల మీద నిలబెడితే మిద్దె ఉరవదు, వేళ్లు కాగవు. అన్నిటినీ ఒకచోట చేర్చి, పడమటి ఎండ తగిలే వైపు పాత నూలు చీర కట్టండి. పట్టుచీర వద్దు, ధర్మవరంలో ఆ మాట చెప్పనవసరం లేదనుకోండి. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా కట్టి, నడుమ ఒక తాడు అడ్డంగా లాగాలి.