పోపులపెట్టె, సర్వరు

“తాతయ్యా, పొద్దుట్నుంచీ ఈ చక్రం తిరుగుతూనే ఉంది!” అంటూ పరీక్షా ఫలితాల రోజున మా మనవరాలు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. వెబ్‌సైటు మొరాయించింది.

“ఇంకా పెద్ద సర్వరు కొనుక్కోవచ్చుగా?”

కొనొచ్చమ్మా. ముందు ఇవాళ వంటింట్లో నా తిప్పలు విను. మీ నానమ్మ ఊళ్ళో లేదాయె. పప్పులో తాలింపు వేద్దామని మూకుడు పెట్టాను. పోపులపెట్టెలో జీలకర్ర నిండుకుంది. అలమరలో అన్నీ ఒకే రకం డబ్బాలు, ఒక్కదాని మీదా చీటీ లేదు. తీస్తే మెంతులు, మరోటి తీస్తే ధనియాలు, తర్వాత వాము, ఆపైన మినప్పప్పు. అయిదోది జీలకర్ర. ఈలోగా నూనె పొగలు కక్కింది.

సర్వరుకు నువ్వు తెరిచే ప్రతి పేజీ ఒక డబ్బా దించడమే. మార్కులు ఎక్కడున్నాయో తెలియక ప్రతి పిల్లా అయిదు పేజీలు తిరిగితే, లక్షమంది కోసం అయిదు లక్షల డబ్బాలు దించాలి. హాల్ టికెట్ నంబరు అడిగే గడి మొదటి పేజీలోనే పెడితే ఆ తిరుగుడంతా తప్పుతుంది.

ఇక పోపులపెట్టె సంగతి. రోజూ వాడే ఆవాలు, మిరపకాయలు చేతికందేట్టు పెట్టుకుంటాం కదా. అందరూ అడిగే పేజీని కూడా ప్రతిసారీ కొత్తగా తయారు చెయ్యకుండా, ఒకసారి చేసింది దగ్గర పెట్టుకుని అందరికీ ఇవ్వొచ్చు. దాన్నే క్యాష్ అంటారు. డబ్బులు కావులే!

పెద్ద జాబితాల్లో ‘తర్వాతి పేజీ’ నొక్కుతూ పోతాం చూడు, అక్కడా ఒక మెలిక ఉంది. పేజీకి 20 పేర్లనుకో. 50వ పేజీ అడిగితే చాలా డేటాబేసులు మొదటి 980 పేర్లూ లెక్కపెట్టి, వదిలేసి, తర్వాతి 20 ఇస్తాయి. దానికి బదులు ‘ఫలానా పేరు తర్వాతివి ఇవ్వు’ అని అడిగేట్టు కడితే, సూచిక పట్టుకుని నేరుగా అక్కడికే పోతుంది. పుస్తకంలో నేను నెమలీక పెట్టుకోనూ? అదే.

“ఈ కాస్త పనికే అంత తేడా వస్తుందా?”

అసలు విశేషం అక్కడే ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అని ఒక గణితవేత్త ఉండేవాడు. ఎప్పుడొస్తాయో తెలియని ఫోన్ కాల్స్‌కు లెక్క కట్టి 1909లో వ్యాసం రాశాడు. క్యూల గణితం అలా మొదలైంది. ఆ గణితంలో అతి సులువైన లెక్క ఒకటి చెబుతా. సెకనుకు సగటున 100 పేజీలు ఇవ్వగల సర్వరుకు 50 అభ్యర్థనలొస్తే, ఒక్కోటి చేతికందడానికి సెకనులో యాభయ్యోవంతు చాలు. 90 వస్తే పదోవంతు. 99 వస్తే పూర్తిగా ఒక సెకను! గిరాకీ రెట్టింపైనా కాలేదు, ఆలస్యం మాత్రం యాభై రెట్లయింది. అంటే పీకలదాకా వచ్చినప్పుడు 99ని 90కి దించినా ఆలస్యం పదోవంతుకు పడిపోతుంది. అందుకే పెద్ద సర్వరు కొనేముందు డబ్బాలకు చీటీలు అతికించమంటాను.

ఇంత చెబుతున్నా దాని వేలు ఫోను మీదే ఉంది. నేను మాట్లాడుతుండగానే పదకొండుసార్లు రిఫ్రెష్ నొక్కింది.

“చూశావా, క్యూలో నువ్వొక్కదానివే పదకొండుమందిగా నిలబడ్డావు. అది కాసేపు అవతల పెట్టి, ఆ చీటీలూ జిగురూ పట్టుకురా. నానమ్మ వచ్చేలోగా అతికించేద్దాం.”