సెలైన్ ఆహారం కాదు

జీర్ణాశయం వెనుక క్లోమం (ప్యాంక్రియాస్) అనే గ్రంథి ఉంటుంది. తిన్నది అరగడానికి కావలసిన రసాలను ఇది తయారుచేస్తుంది. పిత్తాశయంలోని రాళ్ల వల్ల గాని, మద్యం వల్ల గాని దీనికి హఠాత్తుగా వాపు వస్తే, ఆ రసాలు గ్రంథినే అరిగించడం మొదలుపెడతాయి. పొట్ట పైభాగం నుండి వీపులోకి పోయే నొప్పి, వాంతులు వస్తాయి. చాలామంది వారం రోజుల్లో కోలుకుంటారు. జబ్బు తీవ్రమై ఐ.సి.యు.లో చేరినవారి సంగతే వేరు.

అలాంటి రోగికి ముక్కులో గొట్టం వేస్తామనగానే బంధువులు భయపడిపోతారు. "గొట్టం వద్దు సిస్టర్ గారూ, ఇంకో రెండు సెలైన్లు ఎక్కించండి, బలం వస్తుంది" అంటారు. మొదటి రోజుల్లో సెలైన్ చాలా అవసరమే. కానీ ఉప్పు సెలైన్‌లో కేలరీలే లేవు. 5 శాతం గ్లూకోజ్ సీసా లీటరు ఎక్కిస్తే అందేది 200 కేలరీల లోపే, అంటే మూడు నాలుగు ఇడ్లీలపాటి. మాంసకృత్తులు అసలే ఉండవు. 60 కిలోల రోగికి రోజుకు 1500 నుండి 1800 కేలరీలు, 70 నుండి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి.

పూర్వం క్లోమానికి విశ్రాంతి పేరుతో వారాల తరబడి నోటికి ఏమీ ఇవ్వక, పోషకాలను రక్తనాళంలోకే ఎక్కించేవారు. అయితే పేగు ఖాళీగా ఉంటే దాని లోపలి పొర బలహీనపడి, అక్కడి సూక్ష్మజీవులు దెబ్బతిన్న క్లోమానికి చేరే ప్రమాదం ఉంది. పేగు ద్వారా ఆహారం అందినవారిలో ఇన్ఫెక్షన్లు, మరణాలు తక్కువని 2010 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

అలాగని అందరికీ గొట్టం అక్కరలేదు. 2014లో నెదర్లాండ్స్ వైద్యులు 208 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. మొదటి రోజే గొట్టం వేసినవారికీ, మూడు రోజులు ఆగి నోటితో తిని చూసినవారికీ తేడా కనబడలేదు. కనుక తినగలిగితే నోటితోనే పెడతాము. తినలేకపోతేనే గొట్టం.

బంధువులకు ఒక మనవి. చూడడానికి వచ్చినప్పుడు, పాపం ఆకలిగా ఉన్నాడని, మాకు చెప్పకుండా కొబ్బరినీళ్లు, గంజి పట్టకండి. ఇంటి జావ గొట్టంలో పోయకండి, గొట్టం మూసుకుపోతుంది. మంచం తలవైపు ఎత్తుగానే ఉండనివ్వండి, పడుకోబెడితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పొట్ట ఉబ్బినా, వాంతి వచ్చినా, దగ్గు తెరలు వచ్చినా వెంటనే నర్సును పిలవండి.

నోటితో మొదలుపెట్టాక కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. ఇడ్లీ, మెత్తటి అన్నంలో పలుచని పప్పు, వెన్న తీసిన మజ్జిగ సరిపోతాయి. నెయ్యి, వేపుళ్లు, ఆవకాయ డాక్టరు గారు చెప్పేదాకా ఆగాలి. మద్యం మాత్రం పూర్తిగా మానవలసిందే.