పాత సైకిలు – దాని పుట్టిన దేశము

గత మాసమున మన సంఘపు ఎరువుల గిడ్డంగి యొద్ద ఒక సభ్యుడు నన్ను నిలిపి, తన యింటి అటకమీద తాతగారి నాటి సైకిలొకటి యున్నదనియు, పాత యినుము కొనువాడు దానిని తూకమునకు అడుగుచున్నాడనియు చెప్పి, ఇచ్చివేయవచ్చునా యని ప్రశ్నించెను. అది ఏ దేశపు బండి యని నేనడిగితిని. “సైకిలుకు దేశమేమిటండీ!” యని ఆయన నవ్వెను. ఒంగోలు జాతియా, మరియొక సీమదా యని విచారింపక ఎద్దు పగ్గము పట్టుకొనని రైతు, సైకిలు విషయమున మాత్రమేల విచారింపడో నాకు తెలియరాలేదు. ఆ ప్రశ్నకు నిలువుకాళ్లపై చెప్పలేకపోయిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను.

సైకిలు ఒక్క దేశమున పుట్టినది కాదు. జర్మనీలోని మన్‌హైమ్ పట్టణమున 1817వ సంవత్సరమున కార్ల్ డ్రైస్ అనువాడు రెండు చక్రముల కొయ్యబండిని చేసి, కాళ్లతో నేలను తన్నుచు దానిపై పోయెను. పెడళ్లు 1860 తరువాతి కాలమున పారిసు నగరమున ముందు చక్రమునకు అమరినవి. గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు నేటి రూపము ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 1885లో చేసిన రోవర్ బండితో స్థిరపడెను. బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ అనునతడు తన కుమారుని మూడు చక్రముల బండికై గాలి టైరును చేసి, 1888లో పేటెంటు పొందెను. ఈయన వృత్తిచే పశువైద్యుడు. పశువులను చూచువాడు బండ్లకు కూడ మేలు చేసెనని మన పశువైద్యశాల వారికి చెప్పదగిన ముచ్చట.

పాత సైకిళ్లను ప్రేమతో కూర్చుకొనువారు నేడు అనేక దేశములలో నున్నారు. వారిలో ఏ దేశపు బండి మేలన్న తగవు తీరునది కాదు. ఏలయన, ఒక్కొక్క దేశము ఒక్కొక్క పనికై బండిని చేసినది. పరుగుపందెములు కోరువారు ఇటలీని, దూరప్రయాణములు కోరువారు ఫ్రాన్సును, బరువు మోసి ఏండ్లతరబడి నిలుచు బండిని కోరువారు ఇంగ్లండును మెచ్చుకొందురు. మన అటకలమీద నుండునవి చాలవరకు ఈ మూడవ తెగవే గనుక, దానిని గూర్చియే విస్తరింతును. పరదేశపు వస్తువును పొగడుచున్నానని తలంపవలదు. ఎరిగిన గుణమును చెప్పుచున్నాను.

ఇంగ్లీషు రోడ్‌స్టరు బండి యించుమించు 20 కిలోల బరువు తూగును. చక్రములు 28 అంగుళములు, టైరు ఒకటిన్నర అంగుళము. బ్రేకులకు తీగెలు గాక ఇనుప కడ్డీలుండును. ముందు ఫోర్కు బాగుగా వాలియుండుటచే గతుకుబాటలో కుదుపు చేతులకు తక్కువగా నందును. అందువలననే అది మన పుంత దారులకు నప్పినది. ఇక పేర్లు. ర్యాలీ నాటింగ్‌హాము పట్టణపుది; బి.ఎస్.ఏ., హెర్క్యులిస్ అనునవి బర్మింగ్‌హాము నగరపువి, రడ్జి కోవెంట్రీది. ముద్రబిళ్ల ఊడిపోయినను పెడలు వద్ద పెద్ద పళ్లచక్రమును చూచి పోల్చవచ్చును. కొంగ తలలున్నచో ర్యాలీ. విప్పిన అరచేయి యున్నచో రడ్జి. ఫోర్కునకు ఒక్కొక్క ప్రక్క రెండేసి సన్నని గొట్టములున్నచో హంబరు. ముద్రబిళ్ల మిగిలియుండి, దానిపై మూడు తుపాకులు కలిపి నిలిపియున్నచో బి.ఎస్.ఏ.; ఆ సంస్థ మొదట తుపాకులు చేయునదే. అయితే ఇందొక చిక్కు కలదు. హంబరు సైకిళ్లను 1932లోను, రడ్జిని 1943లోను, బి.ఎస్.ఏ. సైకిళ్లను 1957లోను ర్యాలీ వారే కొనిరి. కావున తరువాతి బండ్లు పేరు వేరైనను ర్యాలీ వారి సొత్తే. ఆ నాటింగ్‌హాము కర్మాగారములో ఫ్రేముల తయారీ 1999లోను, బండ్ల కూర్పు 2002లోను నిలిచిపోయెను.

వెనుక హబ్బులో దాగియుండు మూడు వేగముల గేరును ప్రత్యేకముగా చెప్పవలెను. స్టర్మీ ఆర్చర్ అను పేర 1900 తరువాత కొలది యేండ్లకే నాటింగ్‌హాములో దీని తయారీ మొదలాయెను. 1936లో వచ్చిన ఏ.డబ్ల్యూ. రకములో తక్కువ గేరు నడిమిదానిలో మూడు వంతులు, ఎక్కువ గేరు దానికి మూడవ వంతు అదనము. ధూళికి లోపలి పళ్లు చెడవు. అప్పుడప్పుడు నాలుగు చుక్కల నూనె చాలును. యుద్ధానంతరపు హబ్బులపై నెలయు సంవత్సరమును అంకెలలో కొట్టియుండును. గుడ్డతో తుడిచి చూచిన బండి వయస్సు తెలియును. చక్రము మార్చియున్నచో అది చక్రము వయస్సే గాని బండిది కాదు.

ఫ్రాన్సు దేశమున రెనే హెర్స్, అలెక్స్ సింగర్ మొదలగువారు మడ్‌గార్డు, దీపము, సామాను కమ్మీ అన్నియు ఫ్రేముతోపాటే అమర్చి దూరప్రయాణపు బండ్లను చేసిరి. గొలుసును ఒక పళ్లచక్రము నుండి మరియొకదానికి దాటించు యంత్రము అచ్చట బాగుగా వృద్ధి చెందినను, ఆ దేశపు పెద్ద పందెములో 1937 వరకు దానిని అనుమతింపరైరి! ఇటలీలో ఎడ్వార్డో బియాంకి 1885లో మిలాను నగరమున నెలకొల్పిన సంస్థ నేటికిని ఉన్నది. లేత ఆకాశపు పచ్చరంగు దాని గురుతు. ఫౌస్టో కొప్పి 1949లోను 1952లోను ఫ్రాన్సు పందెమును గెలిచినది ఆ బండ్లపైననే. అదే దేశమున గయోలే అను చిన్న ఊరిలో 1997 నుండి పాత సైకిళ్ల యాత్ర జరుగుచున్నది. 1987 తరువాత చేసిన పందెపు బండిని దానికి రానీయరు. కంకర బాటలపై పాతబండి త్రొక్కుటకు దేశదేశముల నుండి జనులు పోవుదురట. మనవారు ఆ పనిని ఉచితముగా చేసిరి. హాలండు, జర్మనీ, అమెరికా, జపానులకును తమ తమ అభిమానులు కలరు గాని, ఆ బండ్లు మన పల్లెలలో కానరావు.

పేరు ఒక్కటే చూచి దేశము చెప్పరాదు. హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. పేర్లతో మద్రాసునందును, ర్యాలీ పేరుతో వంగదేశపు అసన్‌సోల్ వద్దను 1950 తరువాత బండ్లు తయారైనవి. హీరో, అట్లాసు మనవే. ఇవి చులకనవి కావు. ఇంగ్లీషు నమూనాకు చేసినవే గనుక వీని టైర్లు పాత ఇంగ్లీషు చక్రములకు చాలవరకు పట్టును. అట్లాసు వారి సాహిబాబాదు కర్మాగారము 2020లో మూతపడెను.

దేశము తెలిసికొనుట వేడుకకు మాత్రమే కాదని నేను నష్టపడి నేర్చితిని. పెడళ్ల ఇరుసునకు రెండు ప్రక్కల మరచుట్లతో బిగించు గిన్నెలుండును. సామాన్యపు ఇంగ్లీషు బండిలో అంగుళమునకు 24 మరచుట్లు. ర్యాలీ వారు తమ బండ్లకు 26 పెట్టుకొనిరి. వ్యాసములో భేదము వెంట్రుకవాసి. మా తాతగారి ర్యాలీలో గిన్నె అరిగినదని పట్నమున ఒక దుకాణమునకిచ్చితిని. అతడు బజారు గిన్నెను తెచ్చి పట్టించెను, ఒకటి రెండు చుట్లు సులువుగా పోయెను, తరువాత బిగిసెను, బిగిసినకొలది పొడుగు పానాతో త్రిప్పెను. నేను ప్రక్కనే నిలిచి చూచుచుంటిని. ఫ్రేములోని మర యంతయు నలిగి పోయెను. అరువది యేండ్లు చెడని ఫ్రేము పావుగంటలో చెడెను. తప్పు నాదియును, ఏలయన బండి ఏ యూరిదో నేనాతనికి చెప్పలేదు. ఇటాలియను బండిలో గిన్నె 36 మిల్లీమీటర్లు, రెండు ప్రక్కలను కుడిమర. ఫ్రెంచి దానిలో 35, మరచుట్టునకు ఒక మిల్లీమీటరు. ఇంగ్లీషు దానిలో గొలుసు ప్రక్కది ఎడమమర. ఇది ఎరుగక త్రిప్పినవాడు విప్పుచున్నాననుకొని బిగించును.

కావున అటకమీద బండి యున్నవారు ముందుగా ముద్రబిళ్లను, పళ్లచక్రమును, హబ్బును తుడిచి చూడవలెను. ఉప్పుకాగితముతో రుద్దరాదు, రంగు వేయించరాదు. పాత రంగు, దానిపై అక్షరములు పోయిన పిమ్మట కూర్చుకొనువారు దానిని అంతగా కోరరు. బిగిసిన మరలకు నూనె పోసి రెండు దినములు విడువవలెను. పాత గిన్నె బాగున్నచో మార్చనే వలదు. ప్రక్కకు 11 చొప్పున పావంగుళపు గుండ్లు మార్చి, క్రొత్త గ్రీజు పెట్టిన చాలును.

పై సభ్యుడు మరునాడే బండిని దింపించెను. నేను పోయి చూచితిని. పళ్లచక్రములో అరచేయి కనబడెను. గిన్నెలను కదలింపలేదు, గుండ్లు, గొలుసు, బ్రేకు రబ్బర్లు, రెండు టైర్లు మార్చిరి. ఇప్పుడాయన మనుమడు దానిపై పాలకేంద్రమునకు పోవుచున్నాడు. పాత యినుమువాడు మరల వచ్చి, ఈసారి తూకము మాట యెత్తక బండికే ధర చెప్పెనట.