పిల్లల మనసుకి తగిలే దెబ్బ, దానికి పన్నెండు వారాల వైద్యం

నేను డాక్టర్ని కాను. ఎమ్మెస్ చేయడానికి వచ్చి ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడినవాణ్ణి. అయినా ఈ విషయం రాయడానికి కారణం మా అక్క కొడుకు.

రెండేళ్ళ క్రితం బావగారు నడుపుతున్న కారుని వెనకనుంచి ట్రక్కు గుద్దింది. ఆయన భుజం ఎముక విరిగింది. పక్కనున్న పదమూడేళ్ళ పిల్లాడికి గీత కూడా పడలేదు. దేవుడి దయ అనుకున్నాం. నెల తిరిగినా వాడు కారెక్కనని మొండికేయడం, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం తగ్గలేదు. అమ్మ ఫోన్లో దిష్టి తీయమంది. తీశాం. ఎండుమిరపకాయల ఘాటుకి స్మోక్ అలారం మోగిందే కానీ పిల్లాడి నిద్ర బాగుపడలేదు.

స్కూలు కౌన్సెలర్ థెరపీ మాట ఎత్తగానే బావగారు "మావాడికేం పిచ్చా?" అన్నారు. రేపు కాలేజీ వాళ్ళకి తెలిస్తేనో అని అక్క భయం. (మెడికల్ రికార్డులు కాలేజీ అప్లికేషన్‌తో పాటు వెళ్ళవండీ.)

కౌన్సెలర్ చెప్పిన వైద్యం పేరు ట్రామా ఫోకస్డ్ సీబీటీ. పిట్స్‌బర్గ్‌లో జుడిత్ కోహెన్, ఆంథొనీ మానరినో, న్యూజెర్సీలో ఎస్తేర్ డెబ్లింగర్ దీన్ని రూపొందించారు. మూడేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ కోసం. ఏళ్ళ తరబడి సాగుతుందేమోనని భయపడ్డాం కానీ, మామూలుగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లే. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ తరహా వైద్యానికి 6 నుంచి 12 సెషన్లన్నాయి. ఈ జబ్బుకి పద్దెనిమిది నిండని వాళ్ళకి మందులు ఇవ్వవద్దని కూడా అవే చెప్పాయి. సంఘటన జరిగిన కొత్తల్లోనే మొదలుపెట్టే ఇంకా చిన్న పద్ధతి ఒకటి యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళది ఉంది, 5 నుంచి 8 సెషన్లు.

మొదటి వారాల్లో ప్రమాదం ఊసు పెద్దగా ఎత్తరు. ఈ భయం ఎందుకొస్తుందో చెప్తారు, ఊపిరి నెమ్మదిగా తీయడం నేర్పుతారు, మనసులో మెదిలే ఆలోచనని పట్టుకోవడం నేర్పుతారు. తరవాత జరిగింది పిల్లల చేతే కొంచెం కొంచెంగా చెప్పిస్తారు, రాయిస్తారు. మానిన పుండు రేపడమెందుకని నేనే అడిగాను. పుండు మానలేదు, కట్టు కట్టి దాచారంతే అంది థెరపిస్టు. మా భాషలో చెప్పాలంటే ఎర్రర్ మెసేజీ ఆపేసినంత మాత్రాన బగ్ పోదు.

తల్లిదండ్రులకి కూడా విడిగా సెషన్లుంటాయి. చివర్లో అందరూ కలిసి కూర్చుంటారు. అప్పుడు వాడు రాసుకున్నది చదివాడు. ఆరోజు ఐస్‌క్రీం కోసం ఆగుదామని పట్టుబట్టింది తనేనట. ఆగకపోతే ఆ ట్రక్కు తగిలేది కాదట, నాన్న చెయ్యి విరగడం తన తప్పేనట. ఇన్ని నెలలూ ఒకే ఇంట్లో ఉండి మాకెవరికీ తెలియదు! బావగారు మాట రాక వాణ్ణి దగ్గరకి లాక్కున్నారు.

ప్రతి భయానికీ థెరపీ అక్కర్లేదు. చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటారు. నెల దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టర్ని అడగండి. థెరపిస్టుని ఈ పద్ధతిలో శిక్షణ పొందారా, మమ్మల్ని కూడా కలుపుకుంటారా అని అడగడానికి మొహమాటపడకండి. పిల్లలు చచ్చిపోవాలనుందన్న మాట అంటే మాత్రం వారాల లెక్క చూడకండి. అమెరికాలో 2022 నుంచి 988 నంబరు పనిచేస్తోంది, ఎప్పుడైనా చేయొచ్చు.

మొన్న వాణ్ణి క్రికెట్ ప్రాక్టీసుకి నేనే తీసుకెళ్ళాను. పక్కన ట్రక్కు వస్తే ఇప్పటికీ సీటు గట్టిగా పట్టుకుంటాడు. కాకపోతే "మావయ్యా, కొంచెం లేను మారవా" అని నోరు తెరిచి అడిగాడు.