జీవనవ్యయంలో ప్రాంతీయ భేదాలు: ధరల సూచీలు చెప్పేవి, చెప్పనివి

వ్యాససంగ్రహం: ధరలు ఎంత వేగంగా పెరుగుతున్నాయన్నది ఒక ప్రశ్న, ఒక ప్రాంతంలో జీవించడానికి ఎంత ఖర్చవుతుందన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటి భేదాన్ని, ప్రాంతీయ వ్యత్యాసాల కారణాలను భారతదేశ ఉదాహరణలతో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: జీవనవ్యయం, వినియోగదారుల ధరల సూచీ, పేదరిక రేఖ, ఇంటి అద్దె.

1. ఉపోద్ఘాతం:
రెండు రాష్ట్రాల వేతనాలను పోల్చేటప్పుడు ఆయా రాష్ట్రాల వినియోగదారుల ధరల సూచీతో వాటిని సవరించడం పరిపాటి. ఇందులో ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది. ఆధార సంవత్సరంలో ప్రతి రాష్ట్రపు సూచీ 100గానే ఉంటుంది. ఒక బియ్యం బస్తా ఆ ఏడాది ఒకచోట రూ. 1,000, మరొకచోట రూ. 1,500 అనుకుందాం. తరువాత అవి రూ. 1,300, రూ. 1,800 అయితే సూచీలు వరుసగా 130, 120 అవుతాయి. సూచీ తక్కువగా ఉన్నచోటనే బస్తా ధర రూ. 500 ఎక్కువ. సూచీ కాలానుగుణమైన మార్పును కొలుస్తుందే గాని, స్థలాల మధ్య స్థాయీభేదాన్ని కొలవదు.

2. పేదరిక రేఖల సాక్ష్యం:
స్థాయీభేదాన్ని లెక్కలోకి తీసుకున్న ముఖ్య ప్రయత్నం 2009 నాటి టెండూల్కర్ సంఘ నివేదిక. ఆ పద్ధతిలో ప్రణాళికా సంఘం 2011-12కు ప్రకటించిన గ్రామీణ పేదరిక రేఖ తలకు నెలకు ఒడిశాలో రూ. 695, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూ. 860, పంజాబులో రూ. 1,054. అంటే ఒడిశా పల్లెలో వంద రూపాయలతో సాగే కనీస జీవనానికి పంజాబు పల్లెలో సుమారు రూ. 152 కావాలి. పల్లె ఎప్పుడూ పట్టణంకంటె చవక అన్న భావన కూడా సార్వత్రికం కాదు. కేరళలో గ్రామీణ రేఖ రూ. 1,018 కాగా, పట్టణ రేఖ రూ. 987.

3. భేదాలకు కారణాలు:
రవాణాకు వీలైన సరుకుల ధరలు వ్యాపారం వల్ల దగ్గరవుతాయి. 2017 జూలై 1న అమలులోకి వచ్చిన వస్తుసేవల పన్ను ఈ సామీప్యానికి తోడ్పడింది. అయితే పెట్రోలు, డీజిలు దాని పరిధిలోకి రాలేదు; వాటిపై రాష్ట్రాల పన్నులు వేరువేరు. ఇల్లు, క్షురకర్మ, ఇంటిపని వంటివి ఒకచోటినుంచి మరొకచోటికి తరలవు. అధిక ఉత్పాదకత గల రంగాలున్న నగరంలో వేతనాలు పెరిగి, అవి స్థానిక సేవల ధరలనూ పెంచుతాయి. బలాస్సా, శామ్యూల్సన్‌లు 1964లో దేశాల విషయంలో వివరించిన ఈ సూత్రం ప్రాంతాలకూ అన్వయిస్తుంది. పరిమితమైన నేల అద్దెను మరింత పెంచుతుంది.

4. విధానంలో ప్రతిఫలనం:
కేంద్ర ఉద్యోగుల కరవు భత్యం దేశమంతటా ఒకే శాతం. అది కాలాన్ని సవరిస్తుంది. ఇంటి అద్దె భత్యం స్థలాన్ని సవరిస్తుంది. 2024 జనవరి నుంచి ఇది ఎక్స్, వై, జడ్ నగరాలకు మూలవేతనంలో 30, 20, 10 శాతంగా ఉంది. హైదరాబాదు మొదటి శ్రేణిలో, విజయవాడ, విశాఖపట్నం రెండవ శ్రేణిలో ఉన్నాయి. కాని ఈ వర్గీకరణకు ఆధారం జనాభా. అద్దెల ప్రత్యక్ష కొలత కాదు. అసంఘటిత కార్మికునికి ఈ పాటి సవరణ కూడా లేదు. 2012 ఆధార సంవత్సర శ్రేణిలో గ్రామీణ సూచీకి గృహవసతి భారమే చేర్చలేదు.

5. ముగింపు:
ఒకే రూపాయి అన్నిచోట్లా ఒకే విలువ చేయదు. ఈ సంగతిని విస్మరిస్తే ఖరీదైన ప్రాంతపు పేదవాడు లెక్కల్లో పేదవాడు కాకుండా పోతాడు. చవకైన ప్రాంతపు కూలి ఉన్నదానికంటె దీనంగా కనిపిస్తుంది. కనుక ప్రాంతాలను పోల్చే పరిశోధకులు ముందుగా ఆధార సంవత్సరపు ధరల స్థాయిని నిర్ధారించుకొని, ఆ తరువాతనే సూచీలను వినియోగించడం సముచితం.